సగంలో ఆగిన గీత

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో పరీక్షకు పోయి నూటికి నూట రెండు తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మనివాళ్లు గద్వాల బస్టాండులో దిగి మల్లన్న పేరు చెప్పి ఎవరినైనా అడగండి. వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు ఒప్పుకున్నట్టే లెక్క. అది భౌతికశాస్త్రం పేపరు. దిద్దిన సారు నా జవాబులు చదివి నూరు వేసి, ఇంకా మనసాగక మిగతా రెండూ తన సొంతంగా వేశాడని చెబుతారు. చెబుతారంటే, నేనే చెబుతాను.

ఈ మాట మా ఇంట్లో గోడలకు కూడా కంఠతా వచ్చు. నా భార్య కిష్టమ్మ రొట్టె తడుతూ వింటుంది. తట్టే చప్పుడు కొంచెం పెంచుతుంది, అంతే. నా కొడుకు మహిపాల్ సగంలోనే లేచి పోతాడు. నమ్మింది ఒక్క మనవరాలు సింధూజే. చిన్నప్పుడు నమ్మితే నమ్మింది, పదో తరగతికి వచ్చాక కూడా ఆ పిల్ల మనసులో ఏదో మూల ఆ నూట రెండు కూర్చునే ఉందని నాకు తెలియలేదు. తెలిసేసరికి అది ప్రీ-ఫైనల్ భౌతికశాస్త్రంలో నలభైకి ఆరు తెచ్చుకుని, వసారాలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

ఆ ఆరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి.

మాది పత్తి విత్తనం పండించే ఊరు. చేనులో కొన్ని సాళ్లు ఆడ చెట్లు, కొన్ని సాళ్లు మగ చెట్లు. రేపు విచ్చుకోబోయే ఆడ మొగ్గను సాయంత్రమే పట్టుకుని, పై రేకులూ పుప్పొడి తిత్తులూ బొటనగోటితో చుట్టూరా ఒలిచి, నడిమి కాడ ఒక్కటి మిగిల్చి దానికి ఎర్ర కాగితం తొడుగుతాం. తెల్లారి మగ పువ్వు తెచ్చి ఆ కాడకు పుప్పొడి రాస్తాం. దీన్ని క్రాసింగు అంటాం. కన్ను తప్పి ఒలవకుండా మిగిలిపోయిన మొగ్గ తనంతట తానే కాయ కడితే అది సెల్ఫు. సెల్ఫు కాయ చూపుకు మంచి కాయలాగే ఉంటుంది. దాంతోనే వచ్చింది తంటా అంతా. పంట పంపాక విత్తన కంపెనీవాళ్లు అందులోంచి శాంపిలు తీసి మొలకేసి చూస్తారు. అందులో సెల్ఫులు బయటపడ్డాయంటే మొత్తం సరుకు వెనక్కి పంపుతారు. ఎన్ని మంచి కాయలున్నాయని ఎవరూ అడగరు. అందుకని మా పిల్లలకు అక్షరాల కంటే ముందే ఒక మాట నేర్పుతాం: అనుమానం వచ్చిన మొగ్గను గిల్లి పారెయ్.

సింధూజ గిల్లినట్టు ఎవరూ గిల్లలేరు. ఆ పిల్ల సాలులో నడిచిపోతుంటే దాని వెనక సెల్ఫు మొగ్గ ఒక్కటి కూడా మిగలదు. నిరుడు మాత్రం మా శాంపిలు ఫెయిలైంది. ఏడాది కష్టమంతా బస్తాల్లోనే ఉండిపోయింది. కూలోళ్లు అజాగ్రత్త చేశారని మహిపాల్ అనుకున్నాడు. అప్పట్నుంచి వాడికి ఇంటి చేతుల మీద తప్ప నమ్మకం లేదు. ఇంటి చేతులంటే ముఖ్యంగా సింధూజ చేతులు. ఈ ఏడు వానాకాలమంతా ఆ పిల్ల బడికి పోయిన రోజుల కంటే సాళ్లలో ఉన్న రోజులే ఎక్కువ. నేను ఇంట్లో లేనప్పుడు వాళ్ల సైన్సు టీచరు రెండుసార్లు వచ్చి అడిగింది. "రేపటిసంది పంపిస్త మేడం" అని మహిపాల్ రెండుసార్లూ చెప్పాడు. ఆ రేపు దసరా దాటాక వచ్చింది. అప్పటికి బడిలో కాంతి పాఠాలన్నీ అయిపోయాయి. అద్దాలూ కటకాలూ ఆ పిల్లకు చేనులోనే దాటిపోయాయి.

సరే, ప్రీ-ఫైనల్ మార్కులొచ్చిన సాయంత్రం.

"ఎన్నొచ్చినయ్ పిల్లా?" అన్నాను.

"ఆరు."

"ఆరా? అరవై అనబోయి సున్న మింగినవా ఏంది?"

"నలభైకి ఆరు తాత. నవ్వకు."

మహిపాల్ అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. వాడు కేకలేస్తే నాకు భయం లేదు. మెల్లగా మాట్లాడితేనే భయం. ఆ రోజు చాలా మెల్లగా మాట్లాడాడు.

"జీవశాస్త్రంల ఎన్ని?"

"పదిహేను నాయనా. రెండు పేపర్లు కలిపి ఒక్క సైన్సు కిందనే లెక్క. ఎనభైకి ఇరవై ఎనిమిది రావాలె."

"నీకు ఇరవై ఒకటి వచ్చినయ్."

"ఆ."

"చూడు బిడ్డా, నేను చదువొద్దంటలే. అసలు పరీక్షల పాసయినవంటే గద్వాల కాలేజీకి నేనే తోల్కపోత. ఫెయిలైతే మాత్రం మల్ల రాస్త, సప్లిమెంటరీ రాస్త అని అడగొద్దు. ఇంకో శాంపిలు ఫెయిలైతే తట్టుకునేంత బలం నాకు లేదు. ఇగ చేనే నీ కాలేజీ."

వాడు లోపలికి పోయాడు. పిల్ల మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. ఇలాంటప్పుడు నాకు తెలిసిన మందు ఒక్కటే, ఏదో ఒక గొప్ప చెప్పి నవ్వించడం. "ఊకో పిల్లా, మన ఇంట్ల పరీక్షకు భయపడేటోళ్లు ఎవరున్నరు? నా నూట రెండు సంగతి..." అని మొదలుపెట్టాను.

"అదే తాత. నీకు నూట రెండొచ్చినయ్. నాకు ఆరొచ్చినయ్. నీ తెలివి నాకు అంటలే." అని లేచి లోపలికి పోయింది.

కిష్టమ్మ రొట్టె తట్టడం ఆపి నా వైపు చూసింది. "అయిందా, ముసలోడా?" అన్నది.

పరీక్షల ముందు మా బడిలో సాయంత్రాలు ప్రత్యేక తరగతులు పెడతారు. ఆకలితో పిల్ల ఏం చదువుతుందని కిష్టమ్మ ఒకనాడు సజ్జ రొట్టె, పల్లీల పొడి మూటగట్టి నా చేతికిచ్చింది. నేను పోయేసరికి పిల్లలు చిన్న పరీక్ష రాస్తున్నారు. కిటికీ పక్క నిలబడ్డాను. సింధూజ నాకు వీపు పెట్టి, నేను చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కూర్చుని ఉంది.

కటకం బొమ్మ గీసింది. కిరణాలు రెండు స్కేలు పెట్టి లాగింది. బొమ్మ కింద సూత్రం, సూత్రం కింద లెక్క. చేతిరాత ముత్యాలు పేర్చినట్టుంది. ఇంత చక్కగా రాసే పిల్లకు ఆరు వేసిన టీచరమ్మ ఎవరో చూడాలనుకున్నాను. అంతలో పిల్ల రాయడం ఆపింది. చివరి లైను చూసి తల ఒక పక్కకు వంచింది. ఆ వంపు నాకు తెలుసు. తర్వాత ఎడమచేతి బొటనవేలు కదిలింది. గోరు చూపుడువేలు మీదికి వచ్చి టక్కున ఒకసారి గీరింది. ఆ వెంటనే కుడిచేతిలోని పెన్ను కాగితం ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత, మళ్లీ ఎదురుగా ఇంకో గీత కొట్టింది. బొమ్మా సూత్రమూ లెక్కా అన్నీ ఆ రెండు గీతల కింద పోయాయి.

"మల్ల కొట్టేసినవా సింధూ!"

సైన్సు చెప్పే తహసీన్ టీచరు బల్లల మధ్య నుంచి గబగబా వచ్చింది. వనపర్తి నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, చిన్న వయసే. కాగితం తీసుకుని కొట్టేసిన గీతల సందుల్లోంచి చదివింది. "ప్రతిబింబ దూరం అరవై సెంటీమీటర్లు. కరెక్టే గదా! ఎందుకు కొట్టేసినవ్?"

"డౌటొచ్చింది టీచర్. వస్తువు ముప్పైల ఉన్నది. బొమ్మ అరవైకి ఎట్ల పోతది అనిపించింది."

"అనిపిస్తే?"

"కొట్టేసిన."

టీచరమ్మ నుదురు పట్టుకుంది. అప్పుడు కిటికీలో నన్ను చూసింది. "మీరు సింధు వాళ్ల తాతనా? జర లోపలికి రండి. ఇంట్ల ఎవరన్న చెప్పిన్రా ఈ పిల్లకు, డౌటుంటే కొట్టేయమని?"

నేను లోపలికి పోయి, రొట్టె మూట బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఆమె నాక్కూడా అర్థమయ్యేటట్టు చెప్పింది.

"ఇది ఆరు మార్కుల ప్రశ్న తాతా. ఆరూ ఒక్క జవాబుకే ఉండవు. బొమ్మకు రెండు. సూత్రానికి ఒకటి. విలువలు సరిగ్గ పెట్టినందుకు ఒకటి. లెక్క చేసినందుకు ఒకటి. ఆఖరికి యూనిట్‌తోటి జవాబుకు ఒకటి. కొంచెం అటు ఇటు, ఇట్లనే పంచుతరు."

"జవాబు తప్పయితే?"

"తప్పయిన కాడ పోతది. మిగతావి ఉంటయ్."

"కొట్టేస్తే?"

"కొట్టేసినదాన్ని దిద్దేటోళ్లు చూడరు. నేను సుత చూడొద్దు, అది రూలు. ప్రీ-ఫైనల్‌ల ఈ పిల్ల కొట్టేసినవన్నీ ఉంచి ఉంటే పద్నాలుగు దాటుతుండె. చదివి చదివి నాకే ఏడుపొచ్చింది."

నేను పిల్ల బొటనవేలు వైపు చూశాను. ఆకుపచ్చ పసరు ఎండి, గోటి అంచున ఇంకా నల్లగా కనిపిస్తోంది. వానాకాలం పోయి ఎన్నాళ్లయినా ఆ మరక పోదు.

"టీచరమ్మా, ఇది పెన్నుతోని కొట్టేసింది గాదు. గోటితోని గిల్లింది" అన్నాను.

ఆమెకు తెలియదు. వాళ్ల వైపు ఈ పని లేదు. నేను క్రాసింగు సంగతి, సెల్ఫు సంగతి చెప్పాను. వింటూ వింటూ ఆమె సింధూజ పక్కన బల్ల మీద కూర్చుంది. పిల్ల తల దించుకుంది. "ఇక్కడ సెల్ఫు లేదు సింధూ," అని టీచరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. "తప్పొకటి ఉంటే మిగతావాటికి అంటుకోదు. జవాబు తప్పని నీకు ఖాయంగ తెలిసినా సరే, అట్లే ఉంచు. నాకోసం ఉంచు."

"తప్పని తెలిసి ఎట్ల ఉంచాలె టీచర్?" అన్నది పిల్ల. పొగరుతో అనలేదు. ముల్లు గుచ్చుకుంది, తియ్యకుండా ఎట్లా నడవాలి అని అడిగినట్టు అడిగింది.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో నోరు విప్పింది.

"తాత, నిరుడు శాంపిలు పోయింది గద. అది కూలోళ్లది గాదు. నా సాళ్లదే."

"ఎవరు చెప్పిన్రు? కంపెనోళ్లకే తెల్వదు ఏ సాలుదో."

"నాకెరుకనే. ఒక దినం జ్వరం మీద పోయిన. కండ్లు మూతలు పడ్తున్నయ్. ఏది ఒలిచిన్నో, ఏది ఇడిసిన్నో తెల్వదు. నాయనకు చెప్పలే. చెప్పకు నువ్వు."

నాకు అబద్ధాలు చాలా వచ్చు. ఆ దారిలో ఒక్కటి కూడా నోటికి రాలేదు. ఏడాది పాటు ఈ పిల్ల ఆ బస్తాలన్నీ తన నెత్తిన మోసుకుని తిరిగింది. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ గిల్లేస్తోందంటే, గిల్లదా మరి?

టీచరమ్మ చెప్పింది పిల్లకు బుర్రకెక్కింది, చేతికెక్కలేదు. ఇంట్లో లెక్క చేసేది, గోరు టక్కుమనేది, గీత పడేది. పడ్డాక నాలిక కరుచుకునేది. బొటనవేలికి కిష్టమ్మ గుడ్డపేలిక చుట్టి చూసింది. పేలికతో సహా గీరింది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. నా దగ్గర లెక్కలు లేవు, కథలున్నాయి.

"పిల్లా, నేనొక కథ చెప్త. నువ్వు టీచరు తీరుగ దిద్దు. కొట్టేసుడు లేదు. ఏ ముక్కకు ఆ ముక్కనే మార్కులెయ్యాలె."

"చెప్పు."

"జూరాల గేట్లన్నీ ఎత్తిన యేడు కృష్ణ ఒడ్డు దాటి మన చేన్లకొచ్చింది. తెల్లారంగ చీకట్ల మా తమ్ముడు మాసయ్య నీళ్లల్ల ఏదో నల్లగ కదిలితే బర్రె అనుకున్నడు. చెంబు తీస్కపోయి కూసుని పిండిండు. పాలు పట్టుకొచ్చినంక చూస్తే, అది మొసలి!"

సింధూజ చాలా రోజుల తర్వాత నవ్వింది. వెంటనే నవ్వు ఆపి వేళ్లు మడిచింది. "గేట్లు ఎత్తుతరు, నిజం. ఒక మార్కు. కృష్ణల మొసళ్లున్నయ్, ఒకటి. మాసయ్య తాతకు కండ్లు సరిగ్గ కనబడవు, ఒకటి. పాలకు సున్న."

"సున్ననా? చిక్కటి పాలు!"

"ఎన్ని లీటర్లో చెప్పలే. యూనిట్ లేదు. ఆరుకు మూడు. పాసైనవ్ పో."

"అంత అబద్ధం చెప్పి పాసైననా?"

ఆ మాటకు పిల్ల మడిచిన వేళ్లు మళ్లీ చూసుకుంది. "అవ్‌నే తాత," అన్నది మెల్లగా. "పాసైనవ్."

అప్పట్నుంచి అదే పని. నేను రోజుకొక కోత కోసేవాణ్ణి, ఆ పిల్ల ముక్కలు చేసి మార్కులు వేసేది. తర్వాత అదే ఊపులో తన లెక్కలు దిద్దుకునేది. గోరు టక్కుమన్నా పెన్ను ఆగిన రోజులు కొన్ని వచ్చాయి. ఆగని రోజులూ వచ్చాయి.

ఒకనాడు హఠాత్తుగా, "ఇయ్యాల నీ నూట రెండు దిద్దుత తాత" అన్నది.

"దిద్దు, దిద్దు. ఎవరికి భయం!"

"పరీక్ష ఉండెనా?"

"ఉండె."

"ఒక మార్కు. నూట రెండు వచ్చినయా?"

"మీ అవ్వ మీద ఒట్టు, వచ్చినయ్."

వంటింట్లోంచి కిష్టమ్మ, "నా మీదెందుకు, నీ మీద పెట్టుకో" అన్నది.

"ఒకటి. భౌతికశాస్త్రమేనా?"

నేను మీసం దువ్వుకున్నాను. ఇక దాచి లాభం లేదు, పైగా చెబితే ఇంకా మజాగా ఉంటుంది. "మా బడి ఐదో తరగతి దాకనే పిల్లా. భౌతికశాస్త్రం అంటే నల్లగుంటదో తెల్లగుంటదో నాకు తెల్వదు. ఐదో తరగతి పరీక్షకు పోయిన దినం ఒళ్లు కాలిపోతుండె. సారు నన్ను బల్ల మీదికెళ్లి లేపి, దవాఖానకు తోల్కపోయిండు. ఆడ కాంపౌండరు నోట్ల గాజు పుల్ల పెట్టి చూసి చెప్పిండు, నూట రెండు అని. పరీక్ష రాయనే లేదు."

సింధూజ నోరు తెరిచి చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని పడిపడి నవ్వింది. "యూనిట్ రాయలే! ఇన్నేండ్లు యూనిట్ రాయకుండ తిరిగినవ్!" కిష్టమ్మ కూడా బయటికి వచ్చి నవ్వింది. ఆమెకు మొదట్నుంచీ తెలుసు. నూట రెండు మార్కుల మొనగాడు ఆ సాయంత్రంతో మా ఇంట్లో చచ్చిపోయాడు. నాకేం బాధ లేదు. వాడి తిండి మిగిలింది.

నవ్వు తగ్గాక పిల్ల, "నువ్వు జ్వరం మీద పోయి వాపస్ వచ్చినవ్. నేను జ్వరం మీద పోయి సాయంత్రం దాక ఉన్న" అన్నది. మళ్లీ ముఖం ముడుచుకుంది.

పరీక్షలు వచ్చాయి. సెంటరు పక్క ఊరి బడి. భౌతికశాస్త్రం రోజున ఆటోలో నేనే వెంట పోయాను. గేటు బయట వేపచెట్టు నీడలో తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాను. ఎవరో ఏదో కథ చెప్పమన్నారు. చెప్పబుద్ధి కాలేదు. నా బొటనవేలు నేనే గీరుకుంటున్నానని కాసేపటికి చూసుకున్నాను.

గంట కొట్టాక పిల్లలంతా జవాబులు సరిచూసుకుంటూ, అరుచుకుంటూ వచ్చారు. సింధూజ అందరి వెనక వచ్చి నేరుగా ఆటోలో కూర్చుంది. ఊరికి సగం దూరం వచ్చాక నోరు విప్పింది.

"లెన్సు లెక్కనే పడ్డది తాత. ఆరు మార్కులది. వస్తువు పదిహేనుల, నాభ్యంతరం పది."

"చేసినవా?"

"బొమ్మ మంచిగ గీసిన. బొమ్మల ప్రతిబింబం దూరంగ పడ్డది, పడాల్సిన కాడనే. సూత్రం రాసిన. లెక్క చేస్తే మాత్రం ఆరు సెంటీమీటర్లొచ్చింది. లెన్సు పక్కకే. బొమ్మ ఒకటి చెప్తుంది, లెక్క ఇంకోటి చెప్తుంది. యాడ్నో ఒక మైనస్ తప్పిన. ఎంత చూసినా దొర్కలే. టైం అయిపోతుంది."

"కొట్టేసినవా?"

ఆటో గుంతలో పడి లేచింది.

"గీత మొదలువెట్టిన తాత. కింది మూలకెళ్లి పైకి. నాకు తెల్వకుండనే చెయ్యి పోయింది. సగంల యాదికొచ్చింది, మొసలి పాలు. ఆపిన. ఆపి పెన్ను కింద పెట్టి రెండు చేతులూ బల్ల కింద పెట్టుకున్న. కాగితాలు గుంజుకునే దాక మల్ల పైకి తియ్యలే."

"గీత యాడిదాక పోయింది?"

"అదే యాదికి లేదు. లెక్క మీదికెళ్లి పోయింది. సూత్రం దాక పోయిందో, పోలేదో. సగం కొట్టేస్తే, కొట్టేసినట్టా, కొట్టెయ్యనట్టా?"

నాకేం తెలుసు? నేను ఐదో తరగతి పరీక్ష కూడా రాయనివాణ్ణి.

జీవశాస్త్రం పేపరు రాసి వచ్చిన రోజు, "ఇయ్యాల ఒక్కటి సుత కొట్టెయ్యలే. తప్పులు తప్పుల్లాగనే ఉంచొచ్చిన." అని, వచ్చీరాగానే ముసుగు తన్ని పడుకుంది.

తర్వాతి రోజులు చెడ్డ రోజులు. ఎండలు ముదిరాయి. పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదు. కాగితాల మీద బొమ్మా, సూత్రమూ, లెక్కా వేసి, కింది మూల నుంచి గీత లాగి, ఎక్కడ ఆగి ఉంటుందో చూసుకునేది. ఒక్కోసారి ఒక్కో చోట ఆగేది. జవాబు పత్రాలు దిద్దడానికి పోయే ముందు తహసీన్ టీచరు ఇంటికి వచ్చింది. నేను ఉండబట్టలేక, "ఆ కాగితం మీ చేతికే వచ్చేటట్టు చూడరాదా టీచరమ్మా?" అన్నాను.

"తాతా! నన్ను జైలుకు పంపుతరా? అన్నిటికీ కోడు నంబర్లే. ఏ జిల్లా పేపరో సుత మాకు తెల్వదు." అని సింధూజ వైపు తిరిగింది. "నా చేతికి అట్లాంటిది వస్తే మాత్రం, గీత తగలని లైన్లన్నీ చదువుత. అందరూ చదువుతరని చెప్పలేను. చదవాలె."

ఆమె పోయాక మహిపాల్ నా దగ్గరికి వచ్చాడు. "నాయినా, పిల్ల ఎందుకట్ల అయిపోయింది? పరీక్ష ఒక్కటేనా, ఇంకేమన్న ఉన్నదా?"

చెప్పొద్దని పిల్ల అడిగింది. ఆ మాట నేను నిలుపుకోలేకపోయాను. జ్వరం సంగతి, సాళ్ల సంగతి చెప్పాను. మహిపాల్ దూలం వైపు చూశాడు.

"ఆ దినం దానికి జ్వరమని నాకెరుకనే నాయినా. చెయ్యి పట్టి చూసిన. చూసే పంపించిన." అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఎక్కడికి పోయాడో తెలియదు. వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. పిల్లతో ఏం మాట్లాడాడో, అసలు మాట్లాడాడో లేదో కూడా నేను చూడలేదు.

ఫలితాలు మధ్యాహ్నం వచ్చాయి. మహిపాల్ ఫోనులోనే చూశాం. సింధూజ హాల్ టికెట్ నంబరు వాడే కొట్టాడు. ఫోను తెర మీద చక్రం తిరిగింది. తిరిగినంతసేపూ కిష్టమ్మ నా జబ్బ పట్టుకునే ఉంది. తర్వాత తెర తెరుచుకుంది. సైన్సు పాసు. గట్టెక్కి రెండడుగులు అవతల నిలబడ్డంత పాసు, అంతకంటే ఎక్కువ కాదు. లెన్సు లెక్కకు ఎన్ని పడ్డాయో, సగం గీతను దిద్దిన మనిషి ఏమనుకున్నాడో ఏ మెమోలోనూ రాయరు. జీవశాస్త్రమే గట్టెక్కించిందేమో కూడా. పిల్ల మాత్రం, "సూత్రం దాక పోలే తాత, గీత సూత్రం దాక పోలే" అని ఏడ్చింది.

మహిపాల్ ఫోను పిల్ల చేతిలో పెట్టి నవ్వాడు. "రేపు పొద్దుగాల తయారుండు, కాలేజీల అడిగొద్దం. ఈ ఏడు సగం చేనే విత్తనానికి ఇస్త. మిగతా సగం కంది వేస్త" అన్నాడు.

ఇక నిజం చెప్పి లేస్తాను. ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే. మొసలి అనుకుంటున్నారు కదూ? మొసలి జోలికి పోకండి, మా మాసయ్య చెంబు ఇప్పటికీ ఉంది. నేను కల్పించింది మహిపాల్ నవ్వు. ఆ మాటలన్నీ వాడన్నవే, కాలేజీకి తోల్కపోయిందీ నిజమే. కానీ ఆ రోజు వాడు నవ్వలేదు. పిల్ల ముఖం వైపు చూడలేక, చూపు నేల మీద పెట్టి చెప్పి, తువ్వాలు తీసుకుని చేనుకు పోయాడు. అక్కడ ఒక నవ్వు ఉంటే బాగుండునని నేనే పెట్టాను.

దానికి ఒక మార్కు కోసుకోండి. పై లైన్లు మాత్రం చదివి వెయ్యండి. కథ మొత్తం మీద అడ్డగీత కొట్టకండి.